డెమోలో అదిరింది, నా రాతలు పెట్టాక బెదిరింది | వెబ్‌సైట్ టెంప్లేట్ రివ్యూ

హాయ్ అండీ అందరికీ. ఈసారి రివ్యూ ఫోనూ కాదు, యాపూ కాదు, ఒక వెబ్‌సైట్ టెంప్లేట్, అంటే మన మాటలూ ఫోటోలూ పెట్టుకోడానికి ముందే తయారుచేసి ఇచ్చే డిజైన్. దాని పేరు చెప్పను. నేను తిట్టబోయేవాటిలో సగం బయట దొరికే చాలా టెంప్లేట్లకి వర్తిస్తాయి, పైగా తప్పులో నా వాటా కూడా ఉంది.

ఇదిగో, స్క్రీన్ మీద చూడండి, ఇది డెమో. ఎంత బాగుందో కదా? స్క్రీన్ నిండా ఒక ఫోటో, దాని మీద సన్నటి తెల్ల అక్షరాల్లో రెండే రెండు పదాలు, కింద మూడు కార్డులు, మూడింట్లోనూ కొలిచి కోసినట్టు రెండేసి లైన్లు. నేను చూడగానే పడిపోయాను. ఒక పేజీ చూడ్డానికి బాగుందా లేదా అన్నది మనం 50 మిల్లీసెకన్లలో, అంటే సెకనులో ఇరవయ్యో వంతులో తేల్చేసుకుంటామని 2006లో గిట్టె లిండ్‌గార్డ్ అనే పరిశోధకురాలి బృందం ప్రయోగాలు చేసి చెప్పింది. అంత టైములో ఎవరు మాత్రం ఏం చదువుతారు? నేనూ చదవలేదు. డెమోలో ఉన్నది ఏంటో చూడకుండానే తీసేసుకున్నా.

చదివి ఉంటే తెలిసేది, అందులో చదవడానికి ఏమీ లేదని. మొత్తం లోరెమ్ ఇప్సమ్. తెలియనివాళ్ల కోసం చెప్తున్నా, ఇది క్రీస్తుపూర్వం 45లో రోమన్ రచయిత సిసిరో లాటిన్‌లో రాసిన ఒక గ్రంథంలోని వాక్యాలని ముక్కలు చేసి కలగాపులగం చేసిన టెక్స్ట్. 1960ల్లో లెట్రాసెట్ షీట్ల మీద (రుద్దితే అక్షరాలు కాగితానికి అంటుకునే షీట్లు) వచ్చింది, తర్వాత కంప్యూటర్లలోకి ఎక్కింది. పేజీలో మాటలు ఎక్కడ వస్తాయో చూపించడానికి పనికొస్తుంది, కాదనను. కానీ దానికి అర్థం ఉండదు కాబట్టి పొడవు ఎంత కావాలంటే అంత. రెండు లైన్లలో ఆగమంటే ఆగుతుంది. నా మాటలు అలా ఆగవు కదా!

నాది సైకిల్ రిపేర్ గురించి రాసుకునే సైట్. ఒక టైటిల్ చూడండి: "చైన్ ఊరికే జారిపోతుంటే ముందు చూడాల్సింది గేరు కాదు". డెమోలో రెండు లైన్లున్న కార్డులో ఇది పెడితే అది నాలుగు లైన్లకి సాగింది, పక్క కార్డు రెండు లైన్లతో ఆగిపోయింది, ఆ వరస చూస్తే ఊడిన పళ్లు గుర్తొచ్చాయి. "పూర్తిగా చదవండి" అని బటన్ మీద పెడితే "పూర్తిగా చద" దగ్గర కట్. ఇంకోటి, ఇంగ్లిష్ అక్షరాలకి సరిపోయిన లైన్ ఎత్తు మనకి సరిపోదు. డెమోలో అది 1.2, అంటే అక్షరం సైజుకి 1.2 రెట్లు ఉంది, అక్కడికి తెలుగు వస్తే పై లైన్‌లోని వత్తులు వచ్చి కింది లైన్‌లోని గుడుల నెత్తిన కూర్చున్నాయి. 1.7 చేశాక గానీ ఊపిరాడలేదు.

ఇక రంగు దగ్గరికి వద్దాం, నాకు బాగా ఒళ్లు మండింది ఇక్కడే. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద పేరాలన్నీ లేత బూడిద రంగులో, కోడ్ చూస్తే #999. దీని కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ బ్యాక్‌గ్రౌండ్‌కీ వెలుగులో ఉన్న తేడా, 2.85 కి 1. మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5 కి 1 ఉండాలని డబ్ల్యూసీఏజీ అనే యాక్సెసిబిలిటీ గైడ్‌లైన్స్‌లో, అంటే వెబ్‌సైట్ అందరూ వాడగలిగేట్టు ఉండాలని చెప్పే నియమాల్లో, 2008 నుంచీ ఉంది. చూపు తక్కువున్నవాళ్ల సంగతి పక్కన పెట్టండి, ఎండలో ఫోన్ పట్టుకుంటే నాకే కనపడలేదు. బూడిద రంగే కావాలంటే #767676 పెట్టుకోవచ్చు, అది దాటుతుంది. ఆ లేత రంగు ఎందుకు పెట్టారో అర్థమైందా? మాటలు ఫోటోకి అడ్డం రాకూడదని! చదవాల్సినదాన్ని వెనక్కి నెట్టి, చూడాల్సినదాన్ని ముందుకి తెచ్చారు.

దాంతో నాకు కోపమొచ్చి ఇంకో చివరికి వెళ్లాను. ఫోటోలు పీకేశా, కార్డులు పీకేశా, తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు, అంతే. రెండు రోజులు చాలా గొప్పగా ఫీలయ్యా. ఫ్రెండ్‌కి చూపిస్తే, "బాగానే రాశావ్ రా, కానీ బ్రేక్ గురించి ఎక్కడుందో వెతుక్కోలేక మూసేశా" అన్నాడు. వాడి తప్పేం లేదు. వెబ్‌సైట్లని జనం ఎలా వాడతారో పరిశోధించే జేకబ్ నీల్సన్ వాళ్లు 1997లో పరీక్షించినప్పుడు 79 శాతం మంది కొత్త పేజీని కళ్లతో ఏరుకుంటూ పోయారు, పదం పదం చదివింది 16 శాతమే. 2006లో వాళ్లే 232 మంది చూపు ఎటు కదులుతుందో రికార్డు చేస్తే, పైన రెండు అడ్డగీతల్లాగా, ఆ తర్వాత ఎడమ అంచు వెంబడి కిందికి, ఎఫ్ అక్షరంలాగా వచ్చింది. అంటే సబ్‌హెడ్డింగుల్లో మొదటి రెండు మూడు పదాలు చూస్తారు, మిగతాది వాళ్ల దయ. నేను హెడ్డింగులన్నీ "ఇప్పుడు మనం తెలుసుకోబోయేది" అని మొదలుపెట్టి కూర్చున్నా. అది డిజైన్ తప్పు కాదు, నా రాత తప్పు. కానీ ఆ హెడ్డింగు పేరాలో కలిసిపోకుండా నిలబడేట్టు చేయాల్సింది మాత్రం డిజైనే: సైజు, పైన కాస్త ఖాళీ, లైను మరీ పొడవు కాకుండా చూడటం.

సైకిల్ రిపేర్ లాంటివాటికి బొమ్మ లేకపోతే కుదరదు కూడా. గేర్లు మార్చే డిరైలర్ స్క్రూ ఎటు తిప్పాలో నేను మూడు పేరాలు రాశా, ఒక్క ఫోటో మీద బాణం గీస్తే అయిపోయింది. డెమోలో పైన పెట్టిన సూర్యాస్తమయం ఫోటో మాత్రం ఏం చెప్తుంది? ఏమీ చెప్పదు, పేజీని బరువెక్కిస్తుంది. పైగా అది ఆలస్యంగా లోడై, చదువుతున్న లైన్‌ని కిందికి తోసేస్తుంది.

బ్రిటన్ ప్రభుత్వ సైట్ గవ్.యూకే చూడండి ఒకసారి. 2012లో వచ్చింది, దాదాపు అంతా మాటలే. 2013లో లండన్ డిజైన్ మ్యూజియం దానికే డిజైన్ ఆఫ్ ది ఇయర్ ఇచ్చింది. నాకు చూడ్డానికి కాస్త చప్పగానే అనిపిస్తుంది, నిజం చెప్పాలంటే. కానీ వెతికింది దొరకలేదు అని ఎప్పుడూ అనుకోలేదు.

"మరి అందంగా ఉండకూడదా" అంటారా? సీఎస్ఎస్ జెన్ గార్డెన్ అనే సైట్ చూడండి (సీఎస్ఎస్ అంటే పేజీకి రూపం ఇచ్చే కోడ్). డేవ్ షే 2003లో పెట్టాడు. ఒకటే హెచ్‌టీఎంఎల్ (పేజీలో మాటలూ వాటి వరసా ఉండే కోడ్), ఒకటే రాత, వందల మంది వందల రకాలుగా డిజైన్ చేశారు. సీఎస్ఎస్ ఎంత గొప్పదో చూపడానికి అందరూ దాన్నే చూపిస్తారు. నాకు నచ్చింది అది కాదు, అక్కడి రూల్: హెచ్‌టీఎంఎల్ ముట్టుకోకూడదు. అంటే మాట ముందే ఉంది, డిజైనర్ దాని కొలతకి బట్ట కుట్టాలి. నేను కొన్న టెంప్లేట్‌లో చొక్కా ముందే కుట్టేశారు, ఇప్పుడు నన్ను సన్నబడమంటోంది.

సరే, రేటింగ్. డెమోకి పదికి తొమ్మిది. నా రాతలు పెట్టాక నాలుగు. మళ్లీ టెంప్లేట్‌కే వచ్చి రంగు, లైన్ ఎత్తు, కార్డులు మార్చి, హెడ్డింగులు మళ్లీ రాసుకున్నాక ఏడు, అందులో మూడు నా కష్టం. పైన ఆ తిరిగే ఫోటోల స్లైడర్ మాత్రం ఇంకా అలాగే ఉంది, సెట్టింగ్స్ అన్నీ వెతికా, దాన్ని ఆపే ఆప్షన్ ఎక్కడ దాచారో దొరకలేదు. మీలో ఎవరైనా కనిపెడితే చెప్పండి ప్లీజ్.