అద్దానికి రెండో నీళ్ళు ఉండవు: వైపర్ బాటిల్లో ఏం పోయాలి?

[బోనెట్ ఎత్తి ఉంటుంది. వాషర్ డబ్బా మూత మీద వేలు పెట్టి]

నమస్తే అన్నా, నమస్తే అక్కా. ఈ మూత కింద ఏం పోయాలని ఎవర్ని అడిగినా ఒకటే మాట. "ఏముందన్నా, బోరు నీళ్ళు పోసి రూపాయి షాంపూ పాకెట్ ఒకటి కొట్టెయ్, తళతళలాడిపోద్ది." బంకులో గాలి పట్టే అబ్బాయి ఇదే చెప్తాడు, కొత్తగా కారు కొన్న బావమరిదీ ఇదే చెప్తాడు. నురగొస్తే శుభ్రమైపోయినట్టే అని మనకి ఎవరు నూరిపోశారో గానీ, వినీ వినీ ఒళ్ళు మండి ఈ వీడియో చేస్తా ఉన్నా.

చేపల పులుసు తిన్న కంచం తీసుకోండి. మన నెల్లూరు పులుసే, మామిడికాయ ముక్కలేసి, నూనె పైకి తేలిందే. ఆ కంచాన్ని ఉత్త నీళ్ళ కింద పెడితే పులుసు పోద్ది, జిడ్డు పోదు. చేత్తో రుద్దితే ఇటుది అటు పూసుకుంటుంది. అందుకే సబ్బేసి తోముతాం. తోమి అట్టనే వదిలేస్తామా? రెండు సార్లు మంచి నీళ్ళతో కడిగి బోర్లిస్తాం. జిడ్డుని వదిలించేది సబ్బు, ఆ జిడ్డునీ సబ్బునీ కలిపి తీసకపోయేది రెండో నీళ్ళు.

ఇప్పుడు కారు అద్దానికి రండి. లివర్ లాగితే ఏది చిమ్ముద్దో అదే మొదటి నీళ్ళు, అదే ఆఖరి నీళ్ళు. వైపర్ అటూ ఇటూ తిరుగుద్ది, మిగిలింది అద్దం మీదే ఆరిపోద్ది. రెండో నీళ్ళు పోసేవాళ్ళు ఎవరూ లేరు. కాబట్టి బాటిల్లో ఏది పోసినా ముందు అడగాల్సింది ఇదీ: ఆరిపోయాక అద్దం మీద ఏం మిగులుద్ది?

షాంపూలో వెంట్రుకలు మెత్తగా ఉండేదానికి కండిషనర్లు, సిలికాన్లు కలుపుతారు. వాటి పనే అంటుకుని ఉండటం. తలకి మంచిదే. అద్దానికి అంటుకుంటే పగలు మీకు తెలియను కూడా తెలియదు. రాత్రి కావలి దాటి ఒంగోలు వైపు పోతా ఉండండి, ఎదర నుంచి లారీ లైటు పడగానే అద్దమంతా పొగ కమ్మినట్టు తెల్లగా అయిపోద్ది. అది కడగని సబ్బు. పులుసు కంచాన్ని నురగతోనే ఎండబెట్టి అందులో అన్నం వడ్డించినట్టు. గిన్నెలు తోమే లిక్విడ్ పోసినా అంతే. పైగా దాని నురగ ఇంతా అంతా కాదు.

సరే, సబ్బు వద్దు, ఉత్త నీళ్ళే పోస్తానంటారా? ఏ నీళ్ళు? కనిగిరి, పొదిలి వైపు బోరు నీళ్ళు మీకు తెలియనివి కాదు. లెక్క చాలా తేలిక. టీడీఎస్ అంటే లీటరు నీళ్ళలో కరిగి ఉన్న లవణాలు ఎన్ని మిల్లీగ్రాములు అని. టీడీఎస్ 1000 ఉన్న నీళ్ళు లీటరు ఆరిపోతే ఒక గ్రాము పొడి మిగిలిపోద్ది. మన దేశ ప్రమాణాల్లో తాగే నీళ్ళకి మేలైన హద్దు 500, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. అంటే తాగేదానికి సరేనన్న నీళ్ళు కూడా అద్దం మీద ముగ్గు వేస్తాయి. కడిగి బోర్లించిన స్టీలు కంచం మీద తెల్ల చుక్కలు చూసుంటారు గదా, అవే. నీళ్ళు చిమ్మే నాజిల్ రంధ్రం గుండుసూది దూరేంతే ఉంటుంది, ఆ సున్నం అక్కడ పేరుకుంటే చిమ్మాల్సిన నీళ్ళు కారడం మొదలుపెడతాయి.

అందుకని నీళ్ళు మాత్రం ఆర్‌ఓ ప్లాంటువో, బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరో వాడండి. క్యాన్ నీళ్ళు తెచ్చుకునే ఊళ్ళలో ఇదేం కొత్త ఖర్చు కాదు. ఏసీ నుంచి కారే నీళ్ళు పోయొచ్చా అంటే, వాటిలో లవణాలు ఉండవు గానీ కాయిల్ మీద దుమ్మూ బూజూ ఉంటాయి. నేనైతే పోయను.

అసలు నీళ్ళొక్కటే ఎందుకు చాలవో మన దారులే చెప్తాయి. వరి కోతల కాలంలో రాత్రి పూట హైవే మీద పోతే అద్దం మీద పురుగులు టపటపా పగుల్తాయి. ఆ రసంలో ఉండేది ప్రొటీనూ కొవ్వూ. పొద్దున ఎండ తగిలేసరికి గట్టిపడిపోద్ది, రాత్రంతా కడగకుండా ఉంచిన పులుసు కంచం లాగా. దాన్ని గీకరు, నానబెడతారు. అద్దమూ అంతే: తడి గుడ్డ కాసేపు కప్పి ఉంచి తుడవండి. మైపాడు, కొత్తపట్నం వైపు పోయొస్తే సముద్రపు ఉప్పు సన్నటి పొరలాగా పడుద్ది. అది నీళ్ళకే పోద్ది, పాపం.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల దుమ్ము మాత్రం వేరే కథ. ఆ గ్రానైట్లో ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం ఉంటుంది, గట్టిదనాన్ని కొలిచే మోస్ స్కేలు మీద దానిది 6. గాజుది 5.5 దరిదాపు. అంటే ఆ దుమ్ము మీ అద్దాన్ని గీయగలదు. ఎండు అద్దం మీద వైపర్ తిప్పారంటే ఇసకేసి కంచం తోమినట్టే. ముందు బాగా చిమ్మించండి, నీళ్ళు దుమ్ముని కిందికి జార్చాక తిప్పండి.

[డాష్‌బోర్డు మీద రెండు బాటిళ్ళు పక్కపక్కన]

ఇక కొనే వాషర్ లిక్విడ్ గురించి. దీని మీద "మైనస్ 20" అని రాసి ఉంది చూడండి. గడ్డకట్టకుండా ఆల్కహాల్ ఎక్కువ కలిపారు. మన దగ్గర చలికాలం తెల్లవారుజాము కూడా 20 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది, ఇంక ఆ మైనస్ ఎందుకన్నా? మే నెల ఎండలో నిలబెట్టిన కారు అద్దం మీద అది వైపర్ కదిలేలోపే ఆవిరైపోద్ది. కొంచెం ఆల్కహాల్ ఉంటే మంచిదే. జిడ్డు వదులుద్ది, ఏం మిగల్చకుండా పోద్ది. మైనస్ అంకెకి మాత్రం డబ్బులు పెట్టొద్దు. రంగుకీ పెట్టొద్దు, నీలమైనా పచ్చైనా ఉత్త రంగే.

నా ఓటు కాన్సంట్రేట్‌కి. చిన్న సీసా కొనుక్కుని, దాని మీద రాసిన కొలత ప్రకారం డిస్టిల్డ్ వాటర్లో కలుపుకోండి. రెడీమేడ్ క్యాన్ కొంటే ఎక్కువ భాగం నీళ్ళకే డబ్బులు. నీళ్ళలో కరిగించుకునే బిళ్ళలు కూడా పర్లేదు, పూర్తిగా కరిగాకే పోయాలి. రాత్రి ప్రయాణాలు ఎక్కువుంటే పురుగుల మరకలకి అని రాసింది తీసుకోండి. చిక్కగా ఉంటే బాగా పని చేస్తుందని రెండింతలు పోసే మహానుభావులున్నారు. అది మళ్ళీ కడగని సబ్బే.

టైమైపోతా ఉంది, గబగబా చెప్పేస్తా. ఇంజన్ని చల్లబరిచే కూలెంట్ ఇందులో పోయొద్దు, అందులోని గ్లైకాల్ అద్దం మీద నూనెలా మిగులుద్ది. వాషర్ లిక్విడ్ తీసకపోయి కూలెంట్ డబ్బాలో పోయడం ఇంకా దరిద్రం. మూత మీద అద్దమూ చిమ్మే నీళ్ళ బొమ్మా ఉందో లేదో చూసుకుని పోయండి. నెలల తరబడి నిలవున్న ఉత్త నీళ్ళలో సూక్ష్మజీవులు పెరుగుతాయి. 2010లో బ్రిటన్‌లో వచ్చిన అధ్యయనంలో, లిక్విడ్ కలపకుండా ఉత్త నీళ్ళు వాడే డ్రైవర్లకి లెజియొనెల్లా అనే బాక్టీరియా వల్ల వచ్చే న్యుమోనియా ముప్పు ఎక్కువని తేలింది. కొన్ని లిక్విడ్లలో మిథనాల్ ఉంటుంది, తాగితే కళ్ళు పోతాయి, ప్రాణమూ పోతుంది. కూల్ డ్రింక్ బాటిల్లో కలిపి ఇంట్లో పెట్టొద్దు. నాజిల్ మూసుకుపోతే గుండుసూదితో మెల్లగా పొడవండి. డబ్బా ఖాళీ అని తెలిసీ లివర్ లాగి పట్టుకోవద్దు, మోటర్ పంపు కాలిపోద్ది.