పొదుపు పుస్తకం పక్కన ఇంకో పుస్తకం

(కావలిలో పొదుపు సంఘాల మహిళల సమావేశంలో చేసిన ప్రసంగం)

అక్కలకీ, వదినలకీ, వెనక వరసల్లో పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న చెల్లెళ్ళకీ నమస్కారం.

మీ చేతిసంచుల్లో పొదుపు పుస్తకం ఉంటుంది. అది మన జిల్లాకి ఎలా వచ్చిందో మీలో పెద్దవాళ్ళకి గుర్తే. 1992లో మనకి దగ్గర్లోనే, కలిగిరి మండలం దూబగుంటలో, రాత్రిబడికి పోయే ఆడవాళ్ళు వాచకంలో సారాకి ఎదురు తిరిగిన సీతమ్మ కథ చదివి, మన ఊరికి సారా ఎందుకని అడిగారు. వర్ధినేని రోశమ్మ లాంటి వాళ్ళు ముందు నిలబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకి పోయే డబ్బు ఇంట్లో మిగిలితే రోజుకో రూపాయి దాచుకోవడం మొదలైంది. ఎవరింట్లో వాళ్ళు ఒక్కరే దాచుకోమంటే ఎంతమంది దాచేవాళ్ళు? నలుగురి మధ్య కూర్చుని పుస్తకం తెరవాలి కాబట్టి దాచాం. బరువు గురించి నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క సంగతిలోంచే వచ్చింది.

మూడేళ్ళ కిందట నా బరువు 81 కిలోలు, ఎత్తు 154 సెంటీమీటర్లు. బడిలో మేడ మెట్లెక్కితే పాఠం మొదలుపెట్టే ముందు రెండు నిమిషాలు బల్ల పట్టుకుని నిలబడేదాన్ని. అంతకు ముందు మూడుసార్లు ఒక్కదాన్నే తగ్గాలని చూశాను. ఒకసారి రాత్రి అన్నం పూర్తిగా మానేశాను, తొమ్మిది రోజులు. ఇంకోసారి నెలకి పది కిలోలు తగ్గిస్తామన్న పొడి కొన్నాను. అయిదు కిలోలు తగ్గాను, జుట్టు ఊడింది, ఆపేశాక ఏడు కిలోలు పెరిగాను. ఆ విషయం ఇంట్లో కూడా చెప్పలేదు. డబ్బు పోయిందన్న బాధ కంటే, నాలోనే ఏదో లోపం ఉందన్న బాధ ఎక్కువగా ఉండేది.

లోపం మనలో లేదమ్మా. ముందు ఈ మాట మనసులో పెట్టుకోండి. బరువు తగ్గగానే ఒంట్లో ఆకలి పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. ఒళ్ళు తన పాత బరువు కోసం పోరాడుతుంది. మొదటి వారం తగ్గే రెండు కిలోల్లో చాలా భాగం నీళ్ళే, అందుకే రెండో వారం తూకం మిషను కదలదు. ఇవి తెలియకపోతే మన వల్ల కాలేదనుకుని వదిలేస్తాం. ఏ డైటూ పనిచేయదని నేను అనను. ఒక్కరే ఉన్నప్పుడు మూడో వారం దాటడం కష్టం అంటున్నాను.

మా వీధిలో బట్టలు కుట్టే అక్క ఒకామె ఉంది. ఆమెకి షుగర్, మోకాళ్ళ నొప్పి. ఒకరోజు జాకెట్టు కొలత ఇస్తుంటే, "టీచరమ్మా, పోయినసారి కంటే రెండంగుళాలు ఎక్కువొచ్చింది" అంది. అందులో ఎగతాళి లేదు, భయం ఉంది. తన నడుము కూడా అంతే పెరిగిందని టేపు చూపించింది. ఆ రోజే ఇద్దరం అనుకున్నాం. తర్వాత వారానికి ఆరుగురమయ్యాం. పొద్దున అయిదున్నరకి కాలేజీ గ్రౌండు. ఆదివారం ఒకరి ఇంటి వసారాలో కూర్చోవడం, నోటుబుక్కులో రాసుకోవడం.

ఆ వసారాలో బయటపడ్డ సంగతులు ఏ డాక్టరు దగ్గరా బయటపడలేదు. ఇది కొంచెం వివరంగా చెబుతాను, ఎందుకంటే మన ఆడవాళ్ళ బరువు సగం ఇక్కడే ఉంది. ఆరుగురిలో అయిదుగురం రాత్రి అందరూ తిన్నాక, పదింటికి తింటున్నాం. గిన్నెలో మిగిలిన అన్నం పారేయలేక, మన ఆకలితో పని లేకుండా, ఆ గిన్నె ఖాళీ చేస్తున్నాం. పిల్లాడు వదిలేసిన దోసె ముక్క, అత్తగారు వద్దన్న పెరుగన్నం, అన్నీ మన కడుపులోకే. అన్నం అంటే లక్ష్మి, పారేయకూడదని పెంచారు మనల్ని. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. కానీ మిగిలిన అన్నం దాచడానికి మన నడుము గాదె కాదు. మా పరిష్కారం చాలా చిన్నది. ఎసట్లో అర గ్లాసు బియ్యం తక్కువ పోయడం, మనం కూడా అందరితో పాటు ఎనిమిదింటికి కూర్చోవడం. మా కుట్టు అక్క, అలా మొగుడూ పిల్లలతో కలిసి తినడానికి కూర్చున్న మొదటి రోజు ఎంత కొత్తగా అనిపించిందో చెబుతూ ఏడ్చింది. పాతికేళ్ళ కాపురం ఆమెది.

నూనె లెక్క కూడా అక్కడే తేలింది. ఒక పెద్ద చెంచా నూనెలో దాదాపు 120 కేలరీలు ఉంటాయి. నా బరువున్న మనిషి అరగంట నడిస్తే ఖర్చయ్యేదీ ఇంచుమించు అంతే. ప్యాకెట్టు నుంచి నేరుగా బాండలిలోకి వంపడం మానేసి చెంచాతో కొలిచాం. నెలకి నాలుగు లీటర్లు వాడే ఇంట్లో మూడు లీటర్లతో సరిపోయింది. చేపల పులుసు మానలేదు, మానమని మీకూ చెప్పను. నెల్లూరు జిల్లాలో పుట్టి మర్నాటి పులుసు మానేయడం జరిగే పని కాదు, అవసరం కూడా లేదు. చేపలో మాంసకృత్తులు ఉంటాయి, అవి ఆకలిని ఆపుతాయి. పులుసు పోసుకునే అన్నం కుప్ప మీదే లెక్క పెట్టాలి. కంచంలో సగం కూరలు, ఆకుకూరలు ఉండేలా చూసుకుంటే ఆ కుప్ప తనంతట తనే చిన్నదవుతుంది.

ఇప్పుడు నేను పడిపోయిన సంగతి. మొదటి ఏడాది కార్తీకంలో వానలు పట్టుకున్నాయి. మన వైపు వానంతా అప్పుడేగా. గ్రౌండులో నీళ్ళు నిలిచాయి, నడక ఆగింది. తర్వాత ఇంట్లో పెళ్ళి, లడ్డూలు, అరిసెలు. వానలు తగ్గి అందరూ మళ్ళీ మొదలుపెట్టినా నేను వెళ్ళలేదు. మూడు కిలోలు పెరిగాను, ఆ అంకె పుస్తకంలో రాయడానికి ముఖం చెల్లలేదు. ఫోన్ చేస్తే తలనొప్పి అన్నాను, జ్వరం అన్నాను. పదకొండో రోజు చీకటితోనే ఆ కుట్టు అక్క మా గుమ్మం ముందుకొచ్చింది. నా చెప్పులు తీసి గడప దగ్గర పెట్టింది. "నువ్వొచ్చిందాకా ఇక్కడే కూర్చుంటా, నాకేం తొందర లేదు" అని మెట్టు మీద కూర్చుంది. మోకాళ్ళ నొప్పి ఉన్న మనిషి. ఎందుకు రాలేదని అడగలేదు, ఎంత పెరిగావని అడగలేదు. ఆ రోజు ఒక్క రౌండే నడిచాం.

న్యూయార్కులో జీన్ నిడెచ్ అని ఒక గృహిణి ఉండేది. 97 కిలోల బరువు. ప్రభుత్వ క్లినిక్కుకి వెళ్ళేది, చెప్పినవన్నీ చేసేది, కానీ దొంగచాటుగా బిస్కెట్లు తినేది, ఆ మాట అక్కడ చెప్పలేకపోయేది. 1961లో తన స్నేహితురాళ్ళు ఆరుగురిని ఇంటికి పిలిచి వాళ్ళ ముందు ఒప్పుకుంది. వాళ్ళూ తమ సంగతులు చెప్పారు. వారం వారం కలవడం మొదలైంది, ఆమె 64 కిలోలకి వచ్చింది. దాంట్లోంచే 1963లో వెయిట్ వాచర్స్ అనే బరువు తగ్గించే సంస్థ పుట్టింది. ఈ కథ చదివినప్పుడు నాకు మా వసారాయే గుర్తొచ్చింది.

1999లో రీనా వింగ్, రాబర్ట్ జెఫ్రీ అనే అమెరికా పరిశోధకులు బరువు తగ్గడంలో తోడు ఉంటే ఎంత తేడా వస్తుందో కొలిచి చూశారు. నాలుగు నెలల కార్యక్రమం. ఒంటరిగా చేరిన వాళ్ళలో 76 శాతం మంది చివరిదాకా ఉన్నారు. స్నేహితులతో చేరి, ఒకరికొకరు తోడుండేలా నేర్చుకున్న వాళ్ళలో 95 శాతం ఉన్నారు. ఆ తర్వాత ఆరు నెలలకి తగ్గిన బరువంతా నిలబెట్టుకున్నది ఒంటరివాళ్ళలో 24 శాతం, జట్టువాళ్ళలో 66 శాతం.

ఇంకొకటి మన పక్కనే, చెన్నైలో జరిగింది. షుగర్ అంచున ఉన్న 531 మందిని మూడేళ్ళు చూసి 2006లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో ఏమీ మార్చుకోకుండా మామూలుగా ఉన్నవాళ్ళలో 55 శాతానికి షుగర్ వచ్చింది. తిండి, నడక మార్చుకున్న వాళ్ళలో 39 శాతానికే. వాళ్ళ బరువు పెద్దగా తగ్గకుండానే ఈ మేలు జరిగింది! మిషను కదలని వారాల్లో నేను ఈ సంగతే గుర్తు చేసుకుంటాను.

ఎక్కడ మొదలుపెట్టాలంటే, మిషను కంటే ముందు టేపు తీయండి. మన దేశపు ఆడవాళ్ళకి నడుము 80 సెంటీమీటర్లు, మగవాళ్ళకి 90 దాటితే జాగ్రత్తపడాలంటారు. మొదటి గమ్యం ఉన్న బరువులో 5 శాతం చాలు. నాకైతే అది 4 కిలోలు, దానికి నాలుగు నెలలు పట్టింది. షుగర్ మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్ళు తిండి తగ్గించే ముందు డాక్టరుకి తప్పకుండా చెప్పండి, లేకపోతే షుగర్ పడిపోయి కళ్ళు తిరుగుతాయి. థైరాయిడ్ పరీక్ష కూడా ఒకసారి చేయించుకోండి.

మా జట్టులో కట్టుబాట్లు కొన్ని ఉన్నాయి. బరువు ఎవరిది వాళ్ళే రాసుకుంటారు, పైకి చదవరు. పక్కామె కంచం మీద మాట అనకూడదు. "ఇంకా తగ్గలేదేంటి" అన్న మాట వసారాలో వినపడకూడదు, అది బంధువుల దగ్గర చాలా వింటున్నాం. ప్రతి ఒక్కరూ ఆ వారం చేసిన ఒక పని చెబుతారు. ఒకామె "బుధవారం జంతికల డబ్బా తెరవలేదు" అంటే అందరం చప్పట్లు కొడతాం, నిజంగా కొడతాం. రెండు రోజులు రాకపోతే ఎవరో ఒకరు గుమ్మం దగ్గరికి వెళ్తారు.

ఇప్పుడు నా బరువు 70. ఇంకా తగ్గాల్సిందే. మేడ మెట్లు మాత్రం ఆగకుండా ఎక్కుతున్నాను. కుట్టు అక్క ఆరు కిలోలు తగ్గింది, డాక్టరు ఆమె మాత్ర ఒకటి తగ్గించారు.

ఆ మూల బల్ల మీద టేపు, తూకం మిషను, ఒక కొత్త నోటుబుక్కు పెట్టాం. దగ్గర దగ్గర ఇళ్ళవాళ్ళు ఆరుగురు కలిసి ఒక పేజీ తీసుకోండి. సోమవారం అయిదున్నరకి మేం కాలేజీ గ్రౌండు గేటు దగ్గర ఉంటాం. ఒక్కరే రావడానికి ఇబ్బందిగా ఉంటే వీధి పేరు రాసి వెళ్ళండి. మొదటి రోజు మేమే మీ ఇంటికొచ్చి పిలుస్తాం.