జిప్సీ ముందు యాక్సిల్, కమాన్ కట్టలు ఇంట్లోనే రీబిల్డ్: వాడి చూశాక పూర్తి రివ్యూ

అందరికీ నమస్కారం. ఈ వీడియోలో రివ్యూ చేస్తున్నది కొత్త బండి కాదు. ఇదిగో, నా మారుతి జిప్సీ కింగ్. అందులోనూ పైన కనిపించేది కాదు, కింద ఉన్న సరుకు. ముందు యాక్సిల్ రెండు వైపులా విప్పి సీళ్లు, కింగ్ పిన్ బేరింగులు (స్టీరింగ్ తిప్పినప్పుడు ముందు చక్రం పక్కకి తిరిగే చోట ఉండేవి), వీల్ బేరింగులు మార్చాను. నాలుగు కమాన్ కట్టలూ, అంటే బండి బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులు, దింపి, సెట్ చేయించి, కొత్త బుష్‌లతో (కమాన్ చివర్లలో ఉండే రబ్బరు గొట్టాలు) మళ్లీ ఎక్కించాను. కమాన్ల సెట్టింగ్ తప్ప మిగతా పనంతా రాజమండ్రిలో మా ఇంటి ముందు సిమెంట్ నేల మీదే జరిగింది. తర్వాత మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్‌లో తిప్పాను, గుడిస కొండ ఎక్కించాను, వానాకాలం మొత్తం వాడాను. ఏది నిలబడింది, ఏది నిలబడలేదు, ఇప్పుడైతే ధైర్యంగా చెప్పగలను.

అసలు విషయం ముందే చెప్పేస్తాను. జిప్సీ కొన్న ప్రతి కుర్రాడూ మొదట అడిగేది "అన్నా, బండి ఎత్తు ఎన్ని అంగుళాలు లేపొచ్చు?" అని. లేపడం గురించి తర్వాత ఆలోచిద్దాం తమ్ముడూ. ఆ డబ్బు ముందు బుష్‌లకీ, కింగ్ పిన్ బేరింగులకీ, సీళ్లకీ పెట్టు. ఈ బండి 1985 చివర్లో మన దేశంలో రోడ్డెక్కింది. మామూలు కస్టమర్లకి బుకింగులు 2018 చివర్లో ఆగిపోయాయి. అంటే ఇప్పుడు మన చేతికి వచ్చేవన్నీ పాతవే, చాలావరకు ఆర్మీ వేలంలో కొన్నవో, రెండు మూడు చేతులు మారినవో. అరిగిపోయిన బుష్‌ల మీద కొత్త లిఫ్ట్ కిట్ వేస్తే స్టీరింగ్ ఊగుడు ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు.

నా బండికి ఉన్న జబ్బులు ఇవి. యాభై, అరవై స్పీడ్ మధ్య ఏదైనా చిన్న గుంత తగిలితే స్టీరింగ్ వణకడం మొదలుపెట్టేది, బ్రేక్ వేసి స్పీడ్ తగ్గిస్తేగానీ ఆగేది కాదు. ముందు చక్రాల లోపలి వైపు నూనె తడి. స్టీరింగ్ తిప్పి వదిలితే మధ్యలో ఎక్కడో పట్టేసినట్టు ఉండేది. మీ బండికీ ఇలాగే ఉంటే వెంటనే స్పేర్ల షాపుకి పరిగెత్తకండి, ముందు ఈ పరీక్ష చేయండి. చక్రం జాకీ మీద లేపి, పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపండి. లూజ్ తెలుస్తుందా? ఇప్పుడు ఇంట్లో ఎవరినైనా పిలిచి బ్రేక్ తొక్కి ఉంచమనండి. తొక్కినప్పుడు లూజ్ పోతే వీల్ బేరింగ్. తొక్కినా అలాగే ఊగుతుంటే కింగ్ పిన్. డిస్క్ బ్రేక్ పట్టుకుంటే హబ్బూ (చక్రం బిగించే భాగం), నకిలూ (స్టీరింగ్‌తో పాటు తిరిగే, యాక్సిల్ చివర ఉండే భాగం) ఒకటైపోతాయి, ఆ తర్వాత కూడా కదులుతుందంటే కదిలేది నకిలే. మా వాడు బ్రేక్ తొక్కి కూర్చున్నా నా చేతిలో చక్రం టక్‌టక్‌మని ఆడుతూనే ఉంది.

విప్పే ముందు సేఫ్టీ. బండితో వచ్చే జాకీని నమ్ముకుని బండి కిందికి దూరకండి. ఇటుకలు, రాళ్లు అసలే పెట్టొద్దు, బరువు పడితే ఇటుక ఒక్కసారిగా పొడైపోతుంది. ఛాసిస్ కింద రెండు గట్టి యాక్సిల్ స్టాండ్లు పెట్టి, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్క మొద్దులు అడ్డం పెట్టండి. ఈ పనిలో నేను పెట్టిన ఖర్చులో అన్నిటికంటే విలువైనది ఆ స్టాండ్లే.

విప్పడం చాలావరకు ఓపిక పని. చక్రం తీశాక బ్రేక్ కాలిపర్ విప్పి తీగతో కమానుకి కట్టండి, హోస్ పైపు మీద వేలాడదీయకండి. తర్వాత ఫ్రీ వీల్ హబ్ (ఫోర్ వీల్ వాడనప్పుడు ముందు చక్రాన్ని షాఫ్ట్ నుంచి విడదీసేది), లోపల సర్‌క్లిప్, ఆపైన పెద్ద నట్టు. ఆ నట్టుని ఉలీ సుత్తీ పెట్టి కొట్టి తిప్పేవాళ్లని చాలామందిని చూశాను. నట్టు అంచులు పోతాయి, మళ్లీ బిగించేటప్పుడు సరైన బిగువు రాదు. దానికి సరిపోయే ట్యూబ్ సాకెట్ దొరుకుతుంది, కొనుక్కోండి. హబ్ వచ్చేశాక, అది తిరిగే గొట్టం లాంటి స్పిండిల్ విప్పితే, డిఫ్రెన్షియల్ (యాక్సిల్‌లో గేర్లు ఉండే గుండు) నుంచి వచ్చే యాక్సిల్ షాఫ్ట్ జాయింట్‌తో సహా బయటికి జారుతుంది.

ఇక్కడ కెమెరా దగ్గరికి తెస్తున్నాను, ఇది బాగా చూడండి. ఈ గుండ్రటి నకిల్ లోపల ఉండాల్సింది చిక్కటి గ్రీజు. నా బండిలో కనిపించింది నల్లటి రసం. వేలితో తీస్తే కారిపోతోంది, వాసన చూస్తే గేర్ ఆయిల్. అంటే యాక్సిల్ గొట్టం చివర ఉండే లోపలి ఆయిల్ సీల్ పోయింది. డిఫ్రెన్షియల్లో ఉన్న నూనె గొట్టం వెంబడి వచ్చి గ్రీజుని పల్చన చేసేసింది, బయటి సీల్ ఆ పల్చని రసాన్ని ఆపలేక చక్రం మీదికి వదిలింది. బయటి సీల్ ఒక్కటే మార్చి "లీకేజీ పోయింది" అని బండి ఇచ్చేస్తే మళ్లీ వచ్చేది ఇందుకే. అసలు దొంగ లోపలున్నాడు.

ఆ లోపలి సీల్ ఎందుకు పోతుందంటే, వయసు ఒక కారణం, బ్రీదర్ ఇంకో కారణం. యాక్సిల్ పైన చిన్న బ్రీదర్, అంటే లోపలి గాలి బయటికి పోయే దారి, ఉంటుంది, మట్టి పట్టి మూసుకుపోతుంది. బండి నడిచి నూనె వేడెక్కితే లోపలి గాలికి దారి ఉండదు, సీళ్ల మీద ఒత్తిడి పడుతుంది. వేడి యాక్సిల్‌ని ఏట్లో దింపితే లోపల ఒక్కసారిగా చల్లబడి సీళ్ల సందుల్లోంచి నీళ్లని లాక్కుంటుంది. నేను బ్రీదర్‌కి రబ్బరు పైపు తగిలించి ఇంజిన్ రూమ్ పైదాకా తీసుకెళ్లి క్లిప్ వేశాను. ఖర్చు దాదాపు ఏమీ లేదు. ఈ మొత్తం పనిలో ఇంత తక్కువ ఖర్చుకి ఇంత లాభం ఇచ్చినది ఇంకొకటి లేదు.

ఇప్పుడు కింగ్ పిన్ బేరింగ్. రోలర్లు తిరిగే ఈ ఉక్కు రింగు, అంటే రేస్ మీద వెలుతురు పడేలా పట్టుకుంటున్నాను. వరసగా గీతల్లాంటి గుంటలు కనిపిస్తున్నాయా? గోరు పెట్టి లాగితే ప్రతి గుంట దగ్గరా ఆగుతోంది. బండి ఎక్కువసేపు నేరుగానే పోతుంది కాబట్టి రోలర్లు ఎప్పుడూ ఒకే చోట కూర్చుని, ప్రతి గుంతకీ అక్కడే దెబ్బ కొట్టి, అక్కడే గాళ్లు చేసుకున్నాయి. స్టీరింగ్ మధ్యలో పట్టేసినట్టు అనిపించేది ఈ గాళ్ల వల్లే. ఇలాంటి బేరింగుకి గ్రీజు ఎంత కొట్టినా ప్రయోజనం లేదు. రోలర్లతో పాటు రేసులు కూడా మార్చాలి, రోలర్లొక్కటే మారిస్తే పాత గాళ్లు కొత్త రోలర్లని తినేస్తాయి.

కొత్త బేరింగులు వేశాక బిగువు చూడటం చాలా ముఖ్యం. బేరింగ్ కవర్ల కింద పల్చటి షిమ్‌లు (రేకు ముక్కలు) ఉంటాయి, విప్పేటప్పుడే పైవి పైన, కిందవి కింద విడిగా పెట్టుకోండి. సీల్ ఇంకా బిగించకముందు, టై రాడ్ (రెండు ముందు చక్రాలని కలిపే కడ్డీ) దూరే కన్నానికి స్ప్రింగ్ కాటా తగిలించి లాగండి. నకిల్ కదలడం మొదలయ్యేటప్పుడు కాటా కిలో పైన, రెండు కిలోల లోపు చూపాలి. సులువుగా తిరిగేస్తుంటే షిమ్ తీయాలి, బిగుసుకుంటే వేయాలి. చాలా షాపుల్లో చేత్తో తిప్పి "బాగుంది" అనేస్తారు. పాత సామాన్ల కాటా ఒకటి చాలు, ఈ పని కంపెనీ పద్ధతిలో అయిపోతుంది. నా బండిలో వణుకు పోయింది ఈ ఒక్క పనితోనే అని నా గట్టి నమ్మకం, ఎందుకంటే కమాన్లు దింపక ముందే, ఈ పని అయిన రోజు సాయంత్రమే హైవే మీద తేడా తెలిసిపోయింది.

ఇక సీళ్ల రివ్యూ. కావాలనే ఎడమ వైపు కంపెనీ ఒరిజినల్ కిట్, కుడి వైపు సగం ధరకి దొరికే లోకల్ కిట్ వేశాను. ఇదిగో, వానాకాలం అయ్యాక రెండూ పక్కపక్కన. ఎడమ వైపు, నకిల్ లోపలికి దూరే యాక్సిల్ చివరి బంతి భాగం మీద సన్నటి గ్రీజు పొర, అంతే, అలాగే ఉండాలి. కుడి వైపు చూడండి, రబ్బరు పెదవి గట్టిపడింది, కింద బురదా గ్రీజూ కలిసి పేరుకుంది. లోకల్ కిట్ ఏ కంపెనీదో చెప్పను, ఈ ధరలో దొరికే కిట్లు ఇంకా చాలా ఉన్నాయి. కానీ ఈ సీల్ మార్చాలంటే సగం యాక్సిల్ విప్పాలి, అంత పని ఉన్నచోట కొన్ని వందలు ఆదా చేసుకోవడం నాకు సబబు అనిపించలేదు. కుడి వైపుకి కూడా ఒరిజినల్ తెప్పించాను. బేరింగులు కూడా పేరున్న కంపెనీవే, నమ్మకమైన డీలర్ దగ్గరే తీసుకోండి, నకిలీ డబ్బాలు మార్కెట్లో చాలా తిరుగుతున్నాయి.

కమాన్ కట్టల దగ్గరికి వద్దాం. ఇంట్లో చేయకూడదు అని నేను అనుకున్న పని ఇదొక్కటే. కట్టలు దింపడం నేను చేశాను, సెట్టింగ్‌కి మాత్రం విజయవాడ ఆటోనగర్ తీసుకెళ్లాను. అక్కడ కమాన్ల షాపులో పెద్దాయన నేల మీద చాక్‌పీస్‌తో వంపు గీసి, పట్టీని దాగలి మీద పెట్టి సుత్తితో అంగుళం అంగుళం కొడుతూ, మళ్లీ మళ్లీ ఆ గీత మీద పెట్టి సరి చూసుకున్నాడు. కొలిమిలో పెట్టలేదు. ఎర్రగా కాల్చి వంచితే ఉక్కుకి ఉన్న పదును పోతుంది, మళ్లీ సరిగ్గా నీళ్లు పట్టకపోతే కమాను త్వరగా కూర్చుంటుంది, లేదా విరుగుతుంది. ఇంకొంచెం ఎత్తు పెట్టమని అడిగాను. "పెట్టమంటే పెడతాను బాబూ, నెల తిరక్కుండా మళ్లీ కిందికే వస్తుంది" అన్నాడు. ఉన్న వంపుకే సెట్ చేయించాను. ఇప్పటికీ రెండు వైపులా ఎత్తు సమానంగా ఉంది, టేపు పెట్టి చూపిస్తున్నాను చూడండి.

బుష్‌లు రబ్బరువే వేశాను. పాలీయురేతేన్‌వి ఎక్కువ కాలం వస్తాయి, నిజమే. కానీ గ్రీజు ఆరితే కీచుమంటాయి, రోడ్డు వణుకుని ఛాసిస్‌కి ఎక్కువగా చేరవేస్తాయి. రాళ్ల దారిలో ఒక చక్రం పైకీ ఒకటి కిందికీ పోయేటప్పుడు రబ్బరు మెలి తిరిగి సర్దుకుంటుంది, అది నాకు నచ్చింది. ఇంకో మాట, కమాన్ల మీద వాడేసిన ఇంజిన్ ఆయిల్ పోసే అలవాటు మన దగ్గర చాలా ఉంది. దయచేసి మానేయండి. ఆ నూనె బుష్‌ల రబ్బరుని ఉబ్బిస్తుంది, పైగా దుమ్ముని పట్టేస్తుంది.

బిగించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. షాకిల్ బోల్టులు (కమాన్ కదిలే చివరవి), పివట్ బోల్టులు (కదలని చివరవి) బండి గాలిలో ఉండగా ఫుల్ టైట్ చేయకూడదు. చేత్తో పట్టే వరకే బిగించి, చక్రాలు వేసి, బండి నేల మీద దింపి, రెండు మూడుసార్లు బాగా ఊపి, అప్పుడు బిగువు కొలిచే టార్క్ రెంచ్‌తో బిగించాలి. గాలిలో బిగిస్తే రబ్బరు ఆ పొజిషన్‌లోనే అతుక్కుపోతుంది, దించగానే మెలి పడుతుంది, నెలల్లో చిరిగిపోతుంది. "కొత్త బుష్‌లు వేశాం, అప్పుడే పోయాయి" అని బాధపడేవాళ్లలో చాలామంది బండ్లకి జరిగేది ఇదే. యాక్సిల్‌ని కమాన్‌కి పట్టి ఉంచే యూ బోల్టులు పాతవి వాడకండి, అవి ఒకసారి సాగినవి. కొత్తవి ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక మళ్లీ టార్క్ చూడాలి. నావి రెండోసారి చూసినప్పుడు నాలుగు వైపులా కొంచెం తిరిగాయి.

రైడ్ ఎలా ఉంది? నిజం చెప్తున్నాను, కారులా లేదు, కాదు కూడా. జిప్సీ ముందు కమాన్‌కి షాకిల్ ముందు వైపు ఉంటుంది, వెనక చివర కదలకుండా బిగించి ఉంటుంది. చక్రం గుంత అంచుకి కొట్టుకున్నప్పుడు కమాను చదునై పొడవు పెరుగుతుంది, వెనకకి పోయే దారి లేక యాక్సిల్‌ని ముందుకి, అంటే ఆ అంచుకి ఎదురుగా తోస్తుంది. ఆ దెబ్బ ఎన్ని బుష్‌లు మార్చినా కొంత తెలుస్తుంది. కానీ చప్పుడు పోయింది. గుడిస ఎక్కేటప్పుడు గతంలో కింద నుంచి డబ్బా కొట్టినట్టు వచ్చే శబ్దాలన్నీ పోయి, టైరు రాయి మీద తిరిగే చప్పుడు మాత్రమే వినిపించింది. ఘాట్ మలుపుల్లో స్టీరింగ్ దానంతటదే మధ్యకి వస్తోంది. టో ఇన్ (ముందు చక్రాలు కొంచెం లోపలికి తిరిగి ఉండే కొలత) కూడా ఇంట్లోనే, టైర్ల ముందూ వెనకా టేపుతో కొలిచి టై రాడ్ తిప్పి సెట్ చేసి, తర్వాత అలైన్‌మెంట్ షాపులో సరి చూపించాను.

ఇంకా లేపాలి అనుకునేవాళ్లకి. కంపెనీ నుంచి జిప్సీ యాక్సిల్ కమాన్ల పైన కూర్చుంటుంది. దాన్ని కమాన్ల కిందికి మార్చి లేపే పద్ధతి ఉంది, చాలా ఎత్తు వస్తుంది. దాంతో పాటు యాక్సిల్‌కి శక్తి తెచ్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ కోణం, స్టీరింగ్‌ని చక్రాలకి కలిపే డ్రాగ్ లింక్ కోణం, బ్రేక్ హోస్ పొడవు అన్నీ మార్చాలి. పైగా మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్ మార్చడం కుదరదు. రోడ్డు మీద నడిపే బండికి నేను ఆ పని చేయను, చేయమని చెప్పను.

చివరిగా నూనె. ముందు డిఫ్రెన్షియల్‌కి రెండు లీటర్లు, వెనకకి లీటరున్నర, రెండిటికీ గేర్ ఆయిలే, జీఎల్-5 రకం, చిక్కదనం ఎనభై-తొంభై (80W-90). కామెంట్లలో చాలామంది వెనక యాక్సిల్ బేరింగులు కూడా ఇంట్లో మార్చొచ్చా అని అడుగుతున్నారు. షాఫ్ట్ బయటికి తీయడం వరకు మీరు చేసుకోండి. ఆ బేరింగ్ వెనక రిటైనర్ రింగ్ ప్రెస్ చేసి కూర్చోబెట్టి ఉంటుంది, దాన్ని ఊడదీయడానికీ కొత్తది ఎక్కించడానికీ ప్రెస్ కావాలి. షాఫ్ట్, కొత్త బేరింగ్, కొత్త రింగ్ మూడూ సంచిలో వేసుకుని లేత్ షాపుకి వెళ్లండి, వాళ్లు ప్రెస్ మీద పెట్టి ఎక్కించి ఇస్తారు.