కాస్పరోవ్‌ను ఓడించడం ఒక్కటే గొప్పా?

నమస్కారం, కర్నూలు నుంచి. చెస్ ప్రోగ్రాముల మాట ఎత్తితే చాలు, ఎవరో ఒకరు అందుకుంటారు: "1997లోనే ఐబీఎం కంప్యూటర్ డీప్ బ్లూ ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్‌ను ఓడించేసింది కదా, ఇంకేం మిగిలింది?" ఒళ్లు మండుతుంది. సెకనుకు బల్ల మీది 20 కోట్ల స్థితులు చూసేది అది, అందుకోసం ప్రత్యేకంగా చిప్పులే చేయించుకున్నారు. గొప్పే, కాదనను. కానీ నేను మార్కులు వేసేది చూడకుండా వదిలేసిన వాటికి.

తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి చేలల్లో జనం వజ్రాల కోసం నడుం వంచి తిరుగుతారు కదా. ప్రతి రాయీ తిరగేస్తూ కూర్చుంటే ఒక్క చేను దాటేసరికి పొద్దుగూకుతుంది. చెస్ ప్రోగ్రాములు ఎత్తులు వెతికే ఆల్ఫా-బీటా పద్ధతి చెప్పేది ఇదే: చేతిలో ఉన్న రాయికంటే మేలైనది ఈ చేలో దొరకదని తేలగానే గట్టు దాటేయ్.

బల్ల మీద చూద్దాం. మొదటి ఎత్తుతో ఆట సమంగా నిలుస్తుందని తేల్చుకున్నారు. అది చేతిలో రాయి. రెండో ఎత్తుకు ఎదుటివాడి తొలి జవాబుతోనే మీ మంత్రి ఊరికే పోయింది. మిగతా ముప్పై జవాబులు చూడటం దేనికి? గట్టు దాటండి. (చేనుకు మన మీద పగ ఉండదు, ఎదుటివాడు మాత్రం ఏరి ఏరి గులకరాయినే చేతిలో పెడతాడు. ఆ తేడా గుర్తుంచుకోండి.)

స్థితికి 35 ఎత్తుల చొప్పున ఆరు ఎత్తుల లోతుకు వెళితే సుమారు 184 కోట్ల స్థితులు. ప్రతిసారీ మంచి ఎత్తే ముందు తగిలితే 86 వేల లోపే! అందుకే ముందు ఏ చేలో దిగాలన్నదే అసలు విద్య. పావులను కొట్టే ఎత్తులు ముందు చూసేది అందుకే.

నాకు ప్రాణమైనది మాత్రం ఒక్క కిలోబైటు మెమరీ ఉన్న జెడ్‌ఎక్స్81 కంప్యూటర్ కోసం రాసిన 1982 నాటి వన్‌కే జెడ్‌ఎక్స్ చెస్. డేవిడ్ హార్న్ దాన్ని 672 బైట్లలో ఇమిడ్చాడు. యూనికోడ్ (UTF-8) ఫైలులో తెలుగు అక్షరానికి 3 బైట్లు, దాని గుణింతానికి మరో 3. అంటే నాలుగు వాక్యాలైనా పట్టని చోటులో మనతో చదరంగం ఆడే ప్రత్యర్థి! కోట కట్టడం లేదు, బంటు మంత్రి కాదు. పోనీ, ఏమైంది?

టైము లేదు, గబగబా చెప్పేస్తాను. 2017లో స్టాక్‌ఫిష్ అనే చెస్ ప్రోగ్రాము సెకనుకు 7 కోట్ల స్థితులు చూస్తే, తనతో తానే ఆడి నేర్చుకున్న ఆల్ఫాజీరో 80 వేలే చూసి 100 ఆటల్లో ఒక్కటీ ఓడలేదు. షరతులు సమంగా లేవని గొడవైంది, అది వేరే కథ. 2020లో స్టాక్‌ఫిష్ కూడా షోగి (జపాన్ చదరంగం) ప్రోగ్రాముల నుంచి ఒక చిన్న న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణల నుంచి నేర్చుకుని స్థితికి విలువ కట్టే, పొరలు పొరలుగా ఉండే లెక్క) తెచ్చుకుంది. పావు కదిలితే దాని మొదటి పొరలో మారిన మేరకే లెక్క సవరిస్తుంది, ఆ పొరలో మిగతాది ముట్టుకోదు. గ్రాఫిక్స్ కార్డు లేని మామూలు కంప్యూటర్‌లోనూ పరుగెత్తుతుంది.