సెప్టిక్ షాక్: బీపీ మందు మొదలుపెట్టేందుకు సెంట్రల్ లైన్ దాకా ఆగాలా?

యాంకర్: సెప్టిక్ షాక్ అంటే ఇన్ఫెక్షన్ (సెప్సిస్) ముదిరి బీపీ ప్రమాదకరంగా పడిపోవడం. దీని గురించి చెప్పేందుకు ఐసీయూ డాక్టర్ గారు స్టూడియోలో ఉన్నారు. ఆత్మకూరు నుంచి స్టాఫ్ నర్సు గారు లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

నర్సు: నమస్తే సార్. సెప్సిస్ కేసు, అరవై కిలోలుంటారు. రెండు లీటర్ల సెలైన్ ఎక్కించినా మీన్ బీపీ (సగటు రక్తపోటు) 52 దాటట్లేదు, యూరిన్ రావట్లేదు. సెంట్రల్ లైన్, అంటే పెద్ద రక్తనాళంలోకి గొట్టం, వేసేవాళ్లు లేరు, నెల్లూరు పంపాలి. బీపీ పెంచే మందు నార్‌అడ్రినలిన్ అక్కడికెళ్లాకే పెట్టాలంటున్నారు.

డాక్టర్: దారంతా మీన్ బీపీ 65 కింద ఉంటే అక్కడికి చేరేసరికి కిడ్నీలు దెబ్బతింటాయమ్మా. కిలోకు 30 మి.లీ. లెక్కన సెలైన్ సరిపడా ఇచ్చేశారు. ఇక మీ డ్యూటీ డాక్టర్‌తో ఆర్డర్ రాయించుకుని ఇప్పుడే మొదలుపెట్టండి. మోచేతి మడత దగ్గర, లేదా ఇంకా పైన, మంచి నరం చూసి పచ్చ రంగు క్యానులా (మందు ఎక్కించే సన్న గొట్టం) వేయండి. మణికట్టు, అరచేతి వెనక నరాలు వద్దు. రెండో చేతికి ఇంకో క్యానులా సిద్ధంగా ఉంచండి.

నర్సు: ఎంతలో కలపాలి సార్?

డాక్టర్: 4 మిల్లీగ్రాముల మందు, 5 శాతం డెక్స్‌ట్రోజ్‌తో కలిపి మొత్తం 50 మి.లీ. చేయండి. మి.లీ.కి 80 మైక్రోగ్రాములు వస్తుంది. అరవై కిలోల మనిషికి సిరంజి పంపులో గంటకు 2.25 మి.లీ. పెడితే కిలోకు నిమిషానికి 0.05 మైక్రోగ్రాము, 4.5 పెడితే 0.1. ఐదేసి నిమిషాలకు మీన్ బీపీ చూస్తూ 65 వచ్చేదాకా పెంచండి. ఆంపూల్ లేబుల్ తప్పకుండా చదవండి. 2 మిల్లీగ్రాముల నార్‌అడ్రినలిన్ బైటార్ట్రేట్‌లో (మందు లవణ రూపం) అసలు మందు 1 మిల్లీగ్రామే. నేను చెప్పిన లెక్క అసలు మందుది.

నర్సు: యాంటీబయాటిక్ అదే లైన్లో ఇవ్వొచ్చా?

డాక్టర్: అస్సలు వద్దు. లైన్లో ఉన్న నార్‌అడ్రినలిన్ ఒక్కసారిగా లోపలికి పోయి పై బీపీ 200 దాటొచ్చు. బీపీ కఫ్ కూడా ఆ చేతికి కట్టొద్దు, కఫ్ బిగిసినప్పుడల్లా మందు ఆగిపోతుంది. యాంటీబయాటిక్ మొదటి డోసు మాత్రం రెండో క్యానులాలో ఇచ్చాకే బండి కదలాలి. వీలైతే ముందు బ్లడ్ కల్చర్‌కు (ఏ క్రిమో తేల్చే పరీక్షకు) రక్తం తీయండి. పంపు చార్జింగ్ చూసుకోండి, నార్‌అడ్రినలిన్ రెండో సిరంజి కలిపి పెట్టుకోండి.

క్యానులా చుట్టూ చర్మం తెల్లబడి చల్లగా తగిలితే మందు బయటికి కారుతున్నట్టే. వెంటనే రెండో చేతికి మార్చండి. పాత క్యానులా పీకకుండా, దాన్లోంచే సిరంజితో వెనక్కి లాగండి. దీనికి విరుగుడుగా రక్తనాళాలు తెరిచే ఫెంటోలమిన్ దొరికితే 5 నుంచి 10 మిల్లీగ్రాములు 10 మి.లీ. సెలైన్‌లో కలిపి ఆ చుట్టూ చర్మం కింద ఇవ్వాలి.

యాంకర్: సింగరాయకొండ నుంచి ఇంకో కాలర్.

కాలర్: సార్, మా నాయన ఒంగోల్లో ఐసీయూలో ఉండాడు. కాలివేళ్లు నల్లబడతా ఉండాయి. ఆ బీపీ మందు ఆపేయమని అడగాల్నా?

డాక్టర్: ఉన్నట్టుండి ఆపితే బీపీ పడిపోయి ప్రాణానికే ముప్పు నాయనా. వేళ్లు నల్లబడేది మందు ఒక్కదాని వల్లే కాదు, షాక్‌లో సన్న రక్తనాళాల్లో గడ్డలు కూడా కడతాయి. మందు ఏ మోతాదులో పోతోందో అడగండి. నార్‌అడ్రినలిన్ కిలోకు నిమిషానికి 0.25 మైక్రోగ్రాము దాటితే, బీపీ పెంచే ఇంకో మందు వాసోప్రెసిన్ నిమిషానికి 0.03 యూనిట్లు కలుపుతారు. నాలుగు గంటలైనా ఆ మోతాదు తగ్గకపోతే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 200 మిల్లీగ్రాములు ఇస్తారు. వీటితో నార్‌అడ్రినలిన్ తగ్గించే వీలుంటుంది. చీము ఎక్కడైనా ఉంటే తీశారా లేదా అన్నది ముఖ్యంగా అడగండి. అది లోపలుంటే ఏ మందు పెంచినా నిలవదు. వేళ్లకు వేడి కాపడం మాత్రం పెట్టొద్దు, స్పర్శ లేని చోట కాలిపోతుంది.