మూడున్నర రూపాయల వడ్డీ

అందరికీ నమస్కారం.

మన ఊళ్లల్లో అప్పు మాటెత్తితే ముందు అడిగేది "వడ్డీ ఎంత?" అనే. రెండు రూపాయలంటే నెలకు నూటికి రెండని బడి ముఖం చూడని ముసలమ్మకు కూడా తెలుసు. రూపాయి అయితే ధర్మవడ్డీ అంటాం. మూడంటే ఒకటికి రెండుసార్లు ఆలోచిస్తాం. ఐదంటే గడప దిగి వచ్చేస్తాం. ఇంత లెక్క తెలిసినవాళ్లం, క్రెడిట్ కార్డు చేతికి రాగానే ఆ ప్రశ్న అడగడం మానేశాం. చాలా కార్డుల మీద వడ్డీ నెలకు మూడున్నర రూపాయల చుట్టూ ఉంటుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ. రెండూ కలిస్తే నాలుగు రూపాయలు దాటింది.

కార్డు చెడ్డదా, వాడేవాడిది తప్పా అని నన్ను చాలామంది అడుగుతుంటారు. బ్యాంకు కౌంటరు వెనక ఏళ్ల తరబడి కూర్చున్నవాణ్ని కాబట్టి, నేను చూసింది చెబుతాను.

ఒక కుర్రాడు, మొదటి ఉద్యోగం. వాళ్లమ్మకు 40,000 పెట్టి ఫ్రిజ్ కొన్నాడు, కార్డు మీద. బిల్లులో రెండు అంకెలున్నాయి. కట్టాల్సిన మొత్తం 40,000. దాని పక్కనే, కనీసం కట్టాల్సింది 2,000. నెలనెలా ఆ రెండు వేలు గడువులోపలే కట్టాడు. "ఒక్క నెల కూడా తప్పలేదండీ, అప్పు తగ్గట్లేదేంటి?" అని బిల్లులన్నీ మడతపెట్టి పట్టుకొచ్చాడు. కాగితం మీద వేసి చూపించాను. నలభై వేలకు మూడున్నర చొప్పున నెల వడ్డీ 1,400. జీఎస్టీ 252. కట్టిన 2,000లో అసలుకు చేరింది 348 రూపాయలు! పైగా పాత బాకీ మిగిలి ఉన్నంతకాలం కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు ఉండదు, పెట్రోలు పోయించినా ఆ రోజు నుంచే వడ్డీ. ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు.

ఈ పిల్లవాడు కార్డును దుర్వినియోగం చేశాడని నేను ఒప్పుకోను. బిల్లు అడిగిందే కట్టాడు. కనీస మొత్తమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందని బిల్లులో హెచ్చరించాలని రిజర్వు బ్యాంకు నిబంధనే ఉంది. హెచ్చరిక ఉంటుంది కూడా, చీమకాళ్లంత అక్షరాల్లో. రెండు వేల అంకె మాత్రం కళ్లకు కొట్టొచ్చినట్టు ఉంటుంది.

చట్టం ఆపుతుందేమో అనుకోకండి. ఏడాదికి 30 శాతం మించి వడ్డీ వసూలు చేయడం అన్యాయమని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో తీర్పిచ్చింది. దాన్ని సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది.

అలాగని కార్డు విరిచి పారేయమని నేను చెప్పను. బిల్లు మొత్తం గడువులోగా కట్టేవాడికి అది వడ్డీ లేని చేబదులు, నలభై యాభై రోజుల దాకా. అర్ధరాత్రి ఆసుపత్రిలో అడ్వాన్సు కట్టమంటే ఆ కార్డే ఆదుకున్న ఇళ్లు నాకు తెలుసు. ఏటీఎంలో కార్డు పెట్టి నగదు తీయడం, షాపులో గీకించి కమీషన్ పోను డబ్బు తీసుకోవడం, ఒక కార్డు బాకీకి ఇంకో కార్డు అడ్డం వేయడం, వీటి జోలికి మాత్రం అస్సలు పోవద్దు.

ఇప్పటికే ఇరుక్కున్నవాళ్లు ఈ గదిలో కూడా ఉండొచ్చు. గుట్టుగా కుమిలిపోకండి. బ్యాంకులో బంగారం మీద అప్పు రూపాయికి కాస్త అటూఇటూ వడ్డీకి దొరుకుతుంది. నగ తాకట్టు పెట్టడం నామోషీ అనుకుని కార్డుకు నాలుగు రూపాయలు పోసే కుటుంబాలను చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. ఆ కుర్రాడు చివరికి వాళ్లమ్మతో చెప్పాడు. ఆవిడ మారుమాట లేకుండా రెండు గాజులు తీసిచ్చింది. కార్డు బాకీ ఒక్కసారే తీర్చేసి, గాజులు ఏడాదిలోపు విడిపించాడు.

ఇంకొక్క పని, ఈ రాత్రికే చేయండి. మీ కార్డుకు ఆటో డెబిట్, అంటే ఖాతాలోంచి బిల్లు దానంతటదే కట్టుకుపోయే ఏర్పాటు, పెట్టి ఉంటే అది మొత్తం బిల్లుకు ఉందో, కనీస మొత్తానికి ఉందో చూసుకోండి. బిల్లులు వెంట తెచ్చుకున్నవాళ్లు వెళ్లిపోకండి. పెన్ను, కాగితం తెచ్చాను, కూర్చుని చూద్దాం.