పది గేర్లలో నా గేరు ఏది?

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, ఇంజనీర్ల దినోత్సవం పేరు చెప్పి నన్ను పిలిచిన కార్ల క్లబ్బు మిత్రులకు, వెనక నిలబడ్డ పాలిటెక్నిక్ పిల్లలకు నమస్కారం. బాబూ, ముందు వరుసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వచ్చి కూర్చోండి. విశ్వేశ్వరయ్య గారి గురించి, 1908 మూసీ వరద గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చక్కగా చెప్పారు. మళ్లీ చెప్పి మీ టైం తినను.

నాకిచ్చిన అంశం 'ఆటోమేటిక్ గేర్‌బాక్సుల ప్రగతి'. ప్రగతి గురించి చెబుతాను, అందులో సందేహం లేదు. కానీ ఈ సభకు రావడానికి నేను ఒప్పుకున్నది ఒక ప్రశ్న అడగడానికి. కారు నడపడం ఇష్టమైన మనిషికి ఇన్ని గేర్లు అవసరమా?

ముందు చరిత్ర, గబగబా. 1939 చివర్లో అమెరికాలో ఓల్డ్స్‌మొబీల్ కార్లకు హైడ్రా-మాటిక్ అని ఒక గేర్‌బాక్సు వచ్చింది. క్లచ్ పెడల్ లేకుండా, పూర్తిగా తనంతట తానే గేర్లు మార్చుకునే పెట్టెల్లో జనం పెద్ద ఎత్తున కొన్న మొదటిది అదే. దానికి నాలుగు గేర్లు. తర్వాత 1950లో షెవ్రొలే పవర్‌గ్లైడ్ తెచ్చింది. దానికి రెండే రెండు! ఆ రెండు గేర్లతోనే అమెరికా జనం ఇరవై ఏళ్లకు పైగా తిరిగారు. ఆ తర్వాత చాలాకాలం మూడు గేర్ల రాజ్యం, తర్వాత నాలుగు, ఐదు. 2001లో జర్మనీకి చెందిన జెడ్ఎఫ్ కంపెనీ బీఎండబ్ల్యూ 7 సిరీస్‌కు ఆరు గేర్ల ఆటోమేటిక్ ఇచ్చింది. అక్కడి నుంచి పందెం మొదలైంది. 2003లో మెర్సిడెస్ ఏడు. 2006లో లెక్సస్ ఎల్ఎస్ 460 ఎనిమిది. 2013లో తొమ్మిది. 2017 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 ట్రక్కుకు పది. నాలుగు నుంచి ఆరుకు రావడానికి అరవై ఏళ్లు పట్టింది. ఆరు నుంచి పదికి పదహారేళ్లు చాలాయి.

ఇక్కడ ఎంతమంది దగ్గర ఆటోమేటిక్ కార్లున్నాయి? చెయ్యెత్తండి. సగానికి పైనే ఉన్నారు. సరే, చేతులు దించకండి. నిన్న సాయంత్రం బీచ్ రోడ్డులో నలభై స్పీడులో వస్తున్నప్పుడు మీ కారు ఎన్నో గేరులో ఉందో తెలిసినవాళ్లు మాత్రం చేతులు అలాగే ఉంచండి. ఇప్పుడు చూడండి, ఎన్ని మిగిలాయో.

మిమ్మల్ని తప్పు పట్టడానికి అడగలేదు. తెలియకుండా ఉండేలాగే దాన్ని తయారు చేశారు. చాలా కార్లలో డ్రైవ్ మోడ్‌లో ఉంటే మీటరు మీద 'డి' అని ఒక అక్షరం తప్ప గేరు నంబరు కూడా కనబడదు.

ఇక లెక్క. పిల్లలు నోట్ చేసుకోండి. గేరు రేషియో అంటే, పెట్టె బయటి షాఫ్టు ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎన్ని చుట్లు తిరగాలో ఆ లెక్క. ఫోర్డ్ పది గేర్ల పెట్టెలో నాలుగో గేరు రేషియో 1.77, ఐదో గేరు 1.52. అంటే నాలుగులోంచి ఐదులోకి మారితే ఇంజన్ వేగం పద్నాలుగు శాతం మాత్రమే పడుతుంది. 3,000 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, ఉన్నది 2,580కి వస్తుంది. మీ చెవికి ఆ తేడా అందుతుందా? రేడియో పాడుతుంటే అసలే అందదు. అదే పాత మారుతి 800లో రెండోది విడిచి మూడోది వేస్తే ఇంజన్ వేగం మూడో వంతుకు పైగా పడిపోయేది. గేరు పడిందని కారులో కూర్చున్న ముసలమ్మకు కూడా తెలిసేది.

నేను చెవి గురించి ఇంత పట్టుబట్టి ఎందుకు మాట్లాడుతున్నానో చెప్పాలంటే మా చిన్న మావయ్య గురించి చెప్పాలి. అధ్యక్షుల వారు గడియారం చూస్తున్నారు, అయినా చెబుతాను.

మావయ్య ఎస్.కోట నుంచి అరకుకు అంబాసిడర్ టాక్సీ తోలేవాడు. 1,489 సీసీ పెట్రోల్ ఇంజన్. స్టీరింగ్ కిందే ఎడమవైపు గేర్ రాడ్, నాలుగు గేర్లు. ముందు సీట్లో ముగ్గురు, వెనక ఐదుగురు, పైన కేరియర్ మీద మూటలు. శివలింగపురం దాటాక అసలైన ఎక్కుడు మొదలవుతుంది. టైడా, డముకు, అనంతగిరి, ఇలా వరసగా మలుపులే. హెయిర్‌పిన్ మలుపులో ఎదురుగా లారీ వస్తే వేగం చచ్చిపోతుంది, రెండో గేరులో బండి లాగదు, మొదటి గేరు వెయ్యాలి. అయితే అంబాసిడర్‌లో మొదటి గేరుకు సింక్రోమెష్, అంటే గేర్ల వేగాలను కలిపి మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు. బండి కదులుతుండగా ఊరికే వేస్తే కర్రుమని అరుస్తుంది, పళ్లు అరుగుతాయి.

మావయ్య ఏం చేసేవాడంటే, క్లచ్ తొక్కి న్యూట్రల్ చేసేవాడు. క్లచ్ వదిలి ఎక్సలేటర్ ఒక్కసారి కొట్టేవాడు. ఆ మోత వింటూ, అది పడిపోతున్న లెక్కలో మళ్లీ క్లచ్ తొక్కి మొదటిది వేసేవాడు. చప్పుడు లేకుండా పడేది. బ్రేకు తొక్కలేదు, బండి ఆగలేదు, వెనక్కి జారలేదు. ఇదంతా మీరు ఒకసారి ఊపిరి తీసుకునేలోపు. మీటర్ల మీద అతని కన్ను పడేది కాదు. ఆర్‌పీఎం మీటరు ఆ బండికి లేనే లేదు.

నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కళ్లు మూసుకోమనేవాడు. "ఎన్నో గేరురా ఇప్పుడు?" అని అడిగేవాడు. చెప్పాలి. తప్పు చెబితే "ఇను, మోత ఇను" అనేవాడు. నేను ఆటోమొబైల్ ఇంజనీరింగ్ చదవడానికి, ఆ తర్వాత పాలిటెక్నిక్‌లో ఆ సబ్జెక్టే పాఠం చెప్పడానికి కారణం ఆ ముందు సీటు. ఇంజన్ తిప్పే బలం, అదే టార్క్, వేగంతో ఎలా మారుతుందో చూపే టార్క్ కర్వ్ ఎలా ఉంటుందో నల్లబల్ల మీద గీయకముందే నాకు ఒంటికి తెలుసు.

దిగేటప్పుడు ఇంకా జాగ్రత్త. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్ కొట్టి దిగే డ్రైవర్లను మావయ్య మనుషులుగా చూసేవాడు కాదు. ఏ గేరులో ఎక్కామో ఆ గేరులోనే దిగాలి, ఇదే ఆయన సూత్రం. ఇంజనే బండిని పట్టుకుంటుంది, బ్రేకు మీద భారం పడదు. బ్రేకు అదేపనిగా తొక్కితే లైనర్లు కాలతాయి, లోపలి ఆయిలు మరిగిపోతుంది, పెడల్ మెత్తబడి కిందికి దిగిపోతుంది. తిరుమల మొదటి ఘాట్ రోడ్డు 1944లో తెరిచారు, ఇప్పుడు దాన్ని దిగడానికే వాడుతున్నారు. అక్కడ దిగే బండ్లకు కనీస సమయం పెట్టి, దానికంటే ముందే కిందికి చేరితే ఎందుకు పట్టుకుంటారు? కొండ దిగడమంటే ఏమిటో తెలిసినవాళ్లు పెట్టిన నియమం అది.

ఇప్పుడు నా ఫిర్యాదు. ఈ మధ్య నేనూ ఒక ఆటోమేటిక్ కొన్నాను. కంపెనీ పేరు చెప్పను. మోకాలి నొప్పి, డాక్టరు క్లచ్ వద్దన్నాడు. లివర్‌లో మాన్యువల్‌కు వేరే గాడి లేదు, స్టీరింగ్ వెనక గేరు మార్చడానికి వేలితో నొక్కే రెండు మీటలు, ప్యాడిల్స్ అంటారు, అవి మాత్రం ఇచ్చారు. అరకు నుంచి వస్తున్నాం, గాలికొండ దాటి దిగుడులో ఉన్నాం. మలుపు ముందు ప్యాడిల్ నొక్కి రెండో గేరులో పెట్టాను. బండి చక్కగా పట్టుకుంది, ప్రాణం హాయిగా ఉంది. మలుపులో సగం తిరిగానో లేదో, నేను ఏమీ ముట్టుకోకుండానే మీటరు మీద రెండు అంకె పోయి 'డి' వచ్చింది. కొన్ని సెకన్లపాటు ప్యాడిల్ ముట్టుకోకపోతే తనంతట తానే డ్రైవ్‌లోకి పోతుందట! గేర్లు వరసగా పైకి ఎక్కాయి, ఇంజన్ పట్టు వదిలేసింది, బండి ముందుకు జారింది. పక్కన లోయ, వెనక లోడు లారీ. బ్రేకు గట్టిగా తొక్కాల్సి వచ్చింది. మా ఆవిడ డాష్‌బోర్డు పట్టుకుని నా వంక చూసిన చూపు ఇంకా గుర్తుంది.

మర్నాడు సర్వీస్ సెంటర్‌కు వెళ్లాను. అక్కడి కుర్రాడు ల్యాప్‌టాప్ తగిలించి, "ఎర్రర్ కోడ్ ఏమీ లేదు సార్, అంతా నార్మల్" అన్నాడు. నార్మలే, అదే నా బాధ! అది పాడై అలా చెయ్యలేదు, అలా చెయ్యమని దానికి ఎవరో నేర్పారు. ఆ నేర్పినవాడు ఏ ఘాటూ దిగిన మనిషి కాడు. దిగి ఉంటే మలుపు మధ్యలో నా గేరు లాక్కునేవాడు కాదు.

మరి ఇన్ని గేర్లు ఎందుకు పెడుతున్నారు? మైలేజీ కోసం. పొగ తగ్గించడం కోసం. 2012లో అమెరికా ప్రభుత్వం 2025 నాటికి గాలనుకు సగటున 54.5 మైళ్ల లక్ష్యం పెట్టింది. మన దేశంలోనూ 2017 నుంచి కంపెనీ అమ్మే కార్లన్నిటి సగటు మీద కర్బన ఉద్గారాల పరిమితి ఉంది. గేర్లు ఎక్కువుంటే కింది గేరు బలంగా, పై గేరు పొదుపుగా పెట్టుకోవచ్చు, మధ్యలో ఇంజన్‌ను ఎప్పుడూ తక్కువ తాగే చోట ఉంచొచ్చు. అది మంచి ఇంజనీరింగే, కాదనను. జెడ్ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల పెట్టె ఉంది చూశారూ, నాలుగు ప్లానెటరీ గేర్ సెట్లు (నడిమి గేరు చుట్టూ చిన్న గేర్లు తిరిగే అమరిక), క్లచ్చులు, బ్రేకులు కలిపి ఐదు, అంతే. వాటితో ఎనిమిది ముందు గేర్లు, ఒక రివర్సు. ఏ గేరులో ఉన్నా ఐదింట్లో రెండే తెరిచి ఉంటాయి కాబట్టి రాపిడికి పోయే శక్తి తక్కువ. పాఠం చెప్పేటప్పుడు దాని బొమ్మ గీస్తే నాకు చేతులు జోడించాలనిపించేది. అందుకే బీఎండబ్ల్యూ నుంచి రోల్స్ రాయిస్ దాకా చాలా కంపెనీలు అదే వాడుతున్నాయి.

కానీ ఒక్క మాట ఆలోచించండి. ఆ రోజుల్లో ఇంజన్లకు బలం ఒక ఇరుకు ఆర్‌పీఎం పరిధిలోనే ఉండేది, కాబట్టి నిజానికి ఎక్కువ గేర్లు కావలసింది వాటికి. అవి నాలుగుతో సరిపెట్టుకున్నాయి. ఈనాటి చిన్న టర్బో పెట్రోల్ ఇంజన్ 1,500 ఆర్‌పీఎం దగ్గరే పూర్తి టార్క్ ఇచ్చి 3,500 దాకా నిలబెడుతుంది. దాన్ని మూడో గేరులో వదిలేస్తే ఊరంతా తిరిగొస్తుంది. అలాంటి ఇంజన్‌కు ఎనిమిది, తొమ్మిది తగిలిస్తున్నారు. కొన్ని తొమ్మిది గేర్ల పెట్టెల్లో పై గేరు చాలా వేగంలో గానీ పడదు. మన నాలుగు వరుసల జాతీయ రహదారి మీద కార్లకు పరిమితి వంద. ఆ తొమ్మిదో గేరుకు మన దగ్గర పనేముంది?

నా లెక్క నేను చెబుతాను. మైలేజీ కోసమైతే పది పెట్టుకోండి, పన్నెండు పెట్టుకోండి. నడపడంలో సంతోషం కోసమైతే ఆరు చాలు. ఆరు దాకా మనిషి మనసులో లెక్క ఉంటుంది. ఈ మలుపుకు మూడు, ఆ ఎక్కుడుకు రెండు అని ముందే అనుకుంటాడు, అనుకున్నది జరిగితే సంతోషిస్తాడు. ఆ అనుకోవడమే డ్రైవింగ్. పదిలో అది కుదరదు. హైవే మీద లారీని దాటుదామని ఎక్సలేటర్ తొక్కితే పెట్టె పదిలోంచి ఏ నాలుగుకో ఐదుకో దూకుతుంది. ఏ గేరు వస్తుందో మీకు తెలియదు, ఎప్పుడొస్తుందో తెలియదు. ఆ అర సెకను ఎదురుగా బస్సు వస్తుంటే ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకు తెలుసు.

మీలో ఎవరో ఇందాక టీ దగ్గర అన్నారు, "మాస్టారూ, ఎలక్ట్రిక్ కార్లొచ్చాయి, ఒకటే గేరు, ఇంక ఈ గొడవెందుకు" అని. నిజమే, చాలా ఎలక్ట్రిక్ కార్లకు మార్చాల్సిన గేరే లేదు. కానీ 2023లో హ్యుందాయ్ ఏం చేసిందో చూడండి. అయానిక్ 5 ఎన్ అనే ఎలక్ట్రిక్ కారులో లేని గేర్లను ఉన్నట్టు చూపించే ఏర్పాటు పెట్టింది. ప్యాడిల్ నొక్కితే గేరు మారిన కుదుపు, స్పీకర్లలో ఇంజన్ మోత, గేరు మార్చకపోతే ఆర్‌పీఎం చివరిదాకా పోయి కొట్టుకోవడం, అన్నీ ఉంటాయి. యంత్రానికి దానితో అవసరం లేదు. నడిపే మనిషికి కావాలి, అందుకే పెట్టారు. మావయ్య నా చేత కళ్లు మూయించి అడిగింది కూడా దాని గురించే.

పాలిటెక్నిక్ పిల్లలూ, మీలో కొందరు రేపు చెన్నైలోనో పుణెలోనో గేర్‌బాక్సుల కాలిబ్రేషన్ పనిలో చేరతారు. మా స్టూడెంట్లు ఇప్పటికే అక్కడున్నారు. ఏ వేగంలో ఏ గేరు పడాలో రాసే టేబుల్ మీ చేతికొస్తుంది. అది రాసేముందు లోడుతో, ఏసీ వేసి, నలుగురు మనుషులతో అనంతగిరి ఘాట్ ఒకసారి ఎక్కి దిగండి. పరీక్ష గదిలో రోలర్ల మీద వచ్చిన మైలేజీ అంకె చూసి సరిపెట్టుకోకండి. మీ బాస్ ఒప్పుకోకపోతే సెలవు పెట్టి రండి, నా ఇంట్లో భోజనం చేసి వెళ్దురు గాని.

ఇక మిగతావాళ్లకు. క్లబ్బు తరఫున కార్ల కంపెనీలకు ఒక ఉత్తరం రాశాం. గేర్లు తగ్గించమని అడగలేదు, తగ్గించరు. రెండే అడిగాం. ఒకటి, డ్రైవర్ ప్యాడిల్‌తో గేరు పెడితే, డ్రైవర్ మళ్లీ మార్చేదాకా అది అక్కడే ఉండాలి, ఇంజన్‌కు ప్రమాదమైతే తప్ప. రెండు, డ్రైవ్ మోడ్‌లో ఉన్నా ఏ గేరు నడుస్తోందో ఆ అంకె మీటరు మీద ఎప్పుడూ కనబడాలి. రెండూ సాఫ్ట్‌వేర్‌తో అయ్యే పనులే, ఒక్క బోల్టు కూడా మార్చనక్కర్లేదు. ఆ ఉత్తరం వెనక బల్ల మీద, రిజిస్టర్ పక్కన ఉంది. సంతకం పెట్టేవాళ్లు మీ కారు మోడల్, కొన్న ఏడాది కూడా రాయండి. ఘాట్ మీద మీకేదైనా అనుభవం ఉంటే కింద రెండు లైన్లు రాయండి, అవే కంపెనీ వాళ్లు చదివేది. పెన్ను కట్టి పెట్టాం, దయచేసి పట్టుకుపోకండి.